పరిగె ఏరే లెక్క

అనంతపురం జిల్లాలో ఏ కట్ట ఎక్కడ జారుతుందో దాని మీద నడిచి, వేలు పెట్టి చూపించగల మనిషి ఇప్పుడు ఒక్కడే మిగిలాడు. అది నేనే. మొన్నమొన్నటిదాకా ఇద్దరం ఉండేవాళ్లం. రెండో ఆమె పోయిన నెల చనిపోయింది. ఆమెకు ఆ విద్య నేర్పింది కూడా నేనే.

ఆమె పాఠాలు చెప్పిన ఇంజనీరింగ్ కాలేజీలో సంతాప సభ పెడితే మైకు ముందు ఈ మాటలే చెప్పాను. చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లేమిటని ఎవరో గుర్తు చేస్తే మధ్యలో ఆపేశారు గానీ, నాకు రావలసినవి అప్పటికే వచ్చాయి. నీటిపారుదల శాఖలో చెరువుల మీద, కాలవల మీద తిరిగి తిరిగి రిటైరైనవాణ్ణి నేను. వినేవాళ్లు కనిపిస్తే ఆగలేను. కొత్తచెరువు దాటి లోపలికి పోతే వచ్చే ఒక పల్లెలో, తెగబోయే చెరువు కట్టను మేమిద్దరం ఎట్లా కాపాడామో కూడా చెప్పాను. నేను చేతికర్రతో కట్ట మీద గీత గీస్తే, ఆ గీత వెంబడే, జానెడు అటూ ఇటూ కాకుండా మట్టి జారిందని చెప్పాను. ముందు వరసలో కూర్చున్న ప్రిన్సిపాలు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఇంటికి వచ్చాక, సభలో నా మాటలు విన్న మా ఇంటామె అడిగింది: "ఆ కట్ట జారినట్టు నాకెప్పుడూ చెప్పలేదే?"

నేను చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, మంచినీళ్లు అడిగాను. ఆమె నీళ్లు తెచ్చింది గానీ ప్రశ్న వెనక్కి తీసుకోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

చనిపోయినామె పేరు రాయడం లేదు. బతికుండగా ఎవరైనా వేదిక మీద తన పేరు పిలిస్తే, వెనక వరసలో ఆ పేరుగలవాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసే మనిషి. సొంతూరు తనకల్లు వైపు. వాన పడితే విత్తనం వేసి, పడకపోతే ఆకాశాన్ని తిట్టి, మళ్లీ ఏడాది మళ్లీ విత్తనం వేసే మెట్ట సేద్యం ఇల్లు. పొట్టిగా ఉండేది, వేగంగా నడిచేది. కళ్లద్దాలకు నల్లదారం కట్టి మెడలో వేసుకునేది. పాత మోపెడ్డు ఒకటి ఉండేది. దానికి తగిలించిన సంచిలో పిల్లల పరీక్ష పేపర్లూ, ఏదో ఒక కట్ట మీద నుంచి తెచ్చిన మట్టి పెళ్లలూ కలిసిమెలిసి ప్రయాణం చేసేవి. "మా మేడమ్ ఎర్ర ఇంకుతో దిద్దదు సార్, ఎర్రమట్టితో దిద్దుతాది" అని ఆమె దగ్గర చదివిన కుర్రాడొకడు నాతో అన్నాడు.

కొత్త కట్ట దగ్గరికి పోతే ముందు చిటికెడు మట్టి తీసి నోట్లో వేసుకునేది. ముందు పళ్ల మధ్య మెల్లగా నూరేది. కరకరలాడితే ఒక రకం, వెన్నలా జారిపోతే ఇంకో రకం. తర్వాత ఉమ్మేసి, నీళ్లు పుక్కిలించి, "ల్యాబుకు పంపల్ల" అనేది.

"నోట్లోనే తేలిపోయింది గదమ్మా, ఇంక ల్యాబెందుకు?" అనేవాణ్ణి.

"నా నోరు సంతకం పెట్టదు గదన్నా" అనేది.

ఆమెతో కూరగాయల మార్కెట్టుకు పోతే పరువు పోయేది. వంకాయల గంపలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, ముందు పుచ్చు కాయను వెతికి బయటికి తీసేది. అమ్మేది ఊరుకుంటుందా? "ఏమ్మా, మంచివి పైననే ఉండాయి గదా, అడుగున దేవులాడతావేం?" అని గదమాయించేది.

"మంచివి నువ్వే చూపించినావు గదక్కా. చెడ్డది ఎంత చెడ్డదో నేను చూసుకోవల్ల గదా" అని ఆ పుచ్చు కాయను తిప్పి తిప్పి చూసేది. అది మరీ ఘోరంగా లేకపోతే బేరం ఆడకుండా రెండు కిలోలు తూయించుకునేది. గంపలో అన్నిటికన్నా చెడ్డది ఆ మాత్రం ఉందంటే, మిగిలినవన్నీ దానికన్నా మేలే కదా అని ఆమె లెక్క.

పెళ్లిచూపుల్లో కూడా ఇదే లెక్క. అన్న కూతురికి సంబంధం వచ్చింది. పిల్లవాడి చదువూ, ఉద్యోగమూ, గుణమూ అన్నీ వాళ్లవాళ్లు పొగిడి ముగించాక, ఈమె పిల్లవాడి తల్లిని అడిగింది: "మీ పిల్లోనికి బాగా కోపమొస్తే ఏం చేస్తాడమ్మా?"

ఆ తల్లి కంగారు పడి, కాసేపు ఆలోచించి, "అన్నం తినడు" అంది.

"ఇంకా కోపమొస్తే?"

"గోడ పక్కకు తిరిగి పండుకుంటాడు."

"ఇంకా ఇంకా వస్తే?"

"అంతకన్నా రాదమ్మా వానికి."

"ఖాయం చేసుకోండి" అని ఈమె కాఫీ గ్లాసు కింద పెట్టింది. ఆ పిల్ల ఇప్పుడు సుఖంగా ఉంది. ఆ అల్లుడు ఇప్పటికీ గోడ పక్కకు తిరిగి పడుకుంటాడట.

ఇన్నేళ్ల పరిచయంలో ఆమె నోట "భద్రంగా ఉంది" అనే మాట నేను వినలేదు. కట్ట గురించి అడిగినా, ఆరోగ్యం గురించి అడిగినా, "ఇంతకన్నా చెడ్డది ఇంకా దొరకలేదు" అనేది. ఆఖరిసారి ఆస్పత్రిలో చూసినప్పుడు ధైర్యం చెబుదామని, "మొహం బాగుందమ్మా, తేరుకున్నావు" అన్నాను. దిండు మీద తల తిప్పి, "యాడ యాడ చూసి చెప్తాండావన్నా?" అంది. నేను చూసింది మొహం ఒక్కటే.

మొదటిసారి ఆమెను చూసింది మా ఆఫీసులో. అప్పుడు కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరరు. మేం ఒక పాత చెరువు కట్టకు మరమ్మతు రాస్తున్నాం. ఆ కట్ట మట్టి పరీక్షల వివరాలు కావాలని వచ్చింది. నా బల్ల మీద గ్రాఫు కాగితం పరిచి ఉంది. దాని మీద కట్ట అడ్డుకోత బొమ్మ, కంపాసుతో గీసిన వలయాలు.

ఆ వలయాలేమిటో చెప్పాలి. మట్టి కట్ట జారినప్పుడు గోడ కూలినట్టు కూలదు. లోపల ఎక్కడో ఒక వంపు గీత వెంబడి, గరిటెతో తోడినట్టు, ఒక ముద్దగా కిందికి జరుగుతుంది. ఆ వంపు గీత ముందు తెలిస్తే లెక్క సులువే. ఆ ముద్దను నిలువు ముక్కలుగా కోసినట్టు అనుకుని, ఒక్కొక్క ముక్కను కిందికి లాగే బరువెంత, పట్టి నిలిపే బలమెంత అని కూడి, ఆ బలాన్ని ఈ బరువుతో భాగిస్తే భద్రతా గుణకం వస్తుంది. అది ఒకటి కన్నా ఎక్కువైతే కట్ట నిలుస్తుంది, తక్కువైతే జారుతుంది. చిక్కెక్కడంటే, కట్ట ఏ గీత వెంబడి జారాలనుకుంటుందో మనకు చెప్పదు. గీయగలిగిన వలయాలకు అంతులేదు. అన్నిటిలోకీ బలహీనమైనదాన్ని మనం పట్టుకోవాలి. మేమంతా అప్పుడు చేసే పని, అనుభవం కొద్దీ కొన్ని వలయాలు గీసి, ఒక్కొక్కటీ లెక్క కట్టి, వాటిలో తక్కువ వచ్చినదాన్ని తీసుకోవడం.

ఆమె నా కాగితం మీదికి వంగి చూసింది. "ఇవన్నీ మీరు గీసినవేనా సార్?"

"ఆఁ. చేతి లెక్క. ఒక్కో వలయానికి గంట పడతాది."

"ఈ వలయం దగ్గర ఎందుకు ఆపినారు?"

ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అందుకని అబద్ధం సిద్ధంగా లేదు. "భోజనం టైమైంది" అన్నాను.

ఆమె నవ్వలేదు. "అంటే సార్, ఈ కట్ట నిలబడేది మీ ఆకలిని బట్టి అన్నమాట" అంది.

పక్క బల్ల దగ్గర గుమాస్తా దగ్గు వచ్చినట్టు నటించాడు. నాకు ఒళ్లు మండింది. మట్టి పరీక్షల కాగితాలు ఆమె చేతిలో పడేసి, "తీసుకపో. మీ కంప్యూటర్లో వేసి ఇంతకన్నా చెడ్డ వలయం పట్టుకురా, చూస్తాం" అన్నాను. వారం తిరక్కముందే పట్టుకొచ్చింది. నా గుణకం దర్జాగా ఉంది. ఆమె తెచ్చినది ఒకటిని ఆనుకుని, దాటీ దాటనట్టుంది. మిషను అబద్ధం చెబుతోందన్నాను. వాదించలేదు. ఆ వలయం కేంద్రం ఎక్కడో, వ్యాసార్ధం ఎంతో చెప్పి, కంపాసు నా చేతికే ఇచ్చింది. మధ్యాహ్నమంతా కూర్చుని నా చేత్తో నేనే లెక్క కట్టాను. అదే వచ్చింది. నేను గీసిన వలయాలన్నీ కట్ట మధ్యలో గుంపుగా ఉన్నాయి. ఆమెది కట్ట పాదం కిందినుంచి, నేల పొరలోకి దిగి వచ్చింది. అటువైపు నేను కంపాసు పెట్టనే లేదు.

మర్నాడు ఆమెను రాప్తాడు రోడ్డు మీది హోటల్లో ఉగ్గాణి బజ్జీలు తినడానికి పిలిచాను. ఓడిపోయినవాడు ఖర్చు పెట్టుకోవడం మర్యాద. తింటూ అడిగాను: "ఇన్ని వేల వలయాల్లో అది నీ మిషనుకు ఎట్ల దొరికిందమ్మా? అన్నీ గీసి చూసిందా?"

"అన్నీ గీస్తే దానికీ ఆకలవుతాదన్నా" అని లేచి చెయ్యి కడుక్కుంది. 'సార్' పోయి 'అన్నా' వచ్చింది ఆ రోజే. "రా, చూపిస్తా" అని రోడ్డు దాటించింది.

హోటలు ఎదురుగా చెనిక్కాయల చేను. పంట పీకి, కుప్పలు వేసుకుని పోయారు. నేలలో తెగి మిగిలిన కాయల కోసం ఆడవాళ్లు పరిగె ఏరుతున్నారు. చిన్న పారలతో నేల గీకుతూ, దొరికినవి ఒడిలో వేసుకుంటూ. ఈమె గట్టు మీద నిలబడి ఒకామెను కేకేసి అడిగింది: "అక్కా, నీకు యాడ బాగా దొరికినాయి?"

"ఆ గట్టు పక్కన" అందామె నడుం ఎత్తకుండానే.

"మరి ఈడ ఏం చేస్తాండావు?"

"అదో, ఆ నల్లచీరామె ఒడి చూడు, నిండిపొయినాది. అందుకే ఆపక్కకు పోతాండా. పోతా పోతా నా జాగా గూడా ఒక చూపు చూసుకుంటాండా."

"విన్నావా అన్నా?" అంది నాతో. "నా ప్రోగ్రాము మొత్తం ఇంతే. కట్ట మీదికి ఒక ముప్ఫై నలభై మంది పరిగె ఏరేటోళ్లను తోలతా. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో వలయం. అందరూ తలా ఒక దిక్కున మొదలుపెడతారు. తన వలయాల్లో అన్నిటికన్నా చెడ్డది యాడ దొరికిందో ఎవురికి వాళ్లు గుర్తు పెట్టుకుంటారు. గుంపులో అందరికన్నా చెడ్డది ఎవురికి దొరికిందో ఆపక్క గూడా ఒక కన్నేస్తారు. కొంచెం తన జాగా దిక్కు, కొంచెం ఆ ఒడి నిండినామె దిక్కు, అట్ల జరుగుతా జరుగుతా అందరూ ఒక చోటికి చేరతారు. ఆడుంటాది మన వలయం."

"అందరూ తప్పు చోటికి చేరితేనో?"

ఆమె మొహం వెలిగింది. నేను అడిగిన మొదటి తెలివైన ప్రశ్న అదే అయి ఉండాలి. చేను అవతలి మూలకు చెయ్యి చూపించింది. అక్కడొక ముసలామె ఒంటరిగా, గుంపుకు వీపు పెట్టి నేల గీక్కుంటోంది.

"ఆ అవ్వ ఎవురక్కా?"

"దానికి ఎవురి మాటా పట్టదులేమ్మా" అంది నడుం ఎత్తనామె. "మేం ఈపక్క పోతే అది ఆపక్క పోతాది. ఒక్కోసారి ఒట్టి ఒడితోనే ఇంటికి పోతాది."

"అట్లాంటి మొండి అవ్వలను నలుగురైదుగురిని కలుపుతానన్నా" అంది ఈమె. "మామూలుగా వాళ్లకు ఏమీ దొరకదు. ఐనా ఇంటికి పంపను. గుంపంతా ఒక గుంతలో చేరి ఇదే లోతు అనుకుంటాంటే, ఇంకో గుంత ఉండాదని చెప్పేది వాళ్లే."

ఆ తర్వాత ఎన్ని కట్టలో. ఆమె అవ్వలను తోలేది, నేను ఆమెను జీపులో తోలుకుపోయేవాణ్ణి. నేను రిటైరయ్యాక జీపు పోయింది, మోపెడ్డు మిగిలింది. వెనక సీటు మీద కూర్చుని నేను దారి చెప్పేవాణ్ణి. ఆమె నేను చెప్పని దారిలో పోయేది.

ఇక ఆ చెరువు సంగతి. అందరూ ఆశ వదులుకున్నాక ముంచెత్తినట్టు వానలొచ్చిన ఏడు. ఆ పల్లెలో చెరువు సంఘానికి ప్రెసిడెంటు ఓబులప్ప. నా ఈడువాడే, నీళ్లు ఆఖరున అందే కాలవ చివరి మళ్లలో వరి పెట్టుకున్న రైతు. వాళ్ల చెరువు నిండి మరవ పారడం వాళ్ల నాయన చూశాడట, అతను చూడలేదు. మరవ అంటే చెరువు నిండితే మిగులు నీళ్లు పొర్లిపోయే రాతి అడ్డు. నీళ్లు దాని అంచుకు రాగానే ఊరంతా పోయి పసుపు కుంకుమలు చల్లి, టెంకాయలు కొట్టారు. తర్వాత, ఇన్నేళ్లకు వచ్చిన నీళ్లను ఉత్తపుణ్యానికి పొర్లిపోనివ్వడమా అని, మరవ మీద ఇసుక మూటలు వరసలు వరసలుగా పేర్చి దాన్ని ఇంకా ఎత్తు చేశారు. వాన చాలినంత పడే చోట ఎవరూ చేయని పని అది. మా దగ్గర చేయనివాడు పిచ్చివాడు.

మూటల పైదాకా నీళ్లొచ్చాయి. అప్పుడు కట్ట బయటి వాలు మీద చెమ్మ కనిపించింది. కట్ట పైన చీర పరిచినంత పొడవున బీట కూడా కనిపించింది. కట్ట కిందే ఇళ్లు. ఆ కట్ట మరమ్మతు ఒకప్పుడు నేను చేయించాను కాబట్టి ఆఫీసువాళ్లు నాకు జీపు పంపారు. నేను ఆమెకు ఫోను చేస్తే మోపెడ్డు మీద వచ్చి కలిసింది.

మేం పోయేసరికి ఊరు ఊరంతా కట్ట మీదే ఉంది. నేను చెమ్మ చూశాను, బీట చూశాను, తీర్పు చెప్పేశాను: "తూము ఎత్తండి. మరవకు గండి కొట్టండి. రెండు దినాల్లో నీళ్లు సగానికి దిగల్ల."

"ఏం మాట్లాడతాండావు సార్?" అన్నాడు ఓబులప్ప. "నీళ్లు లేనప్పుడు మీ ఆఫీసోళ్లు ఒక్కరూ రాలేదు. నీళ్లొచ్చినాక తీసేయమని చెప్పేదానికి వచ్చినారా?"

"కట్ట పోతే నీళ్లూ పోతాయి, ఇండ్లూ పోతాయి."

"కట్ట మా తాత కాలం నుంచి ఉండాది. నీళ్లే లేవు."

ఆమె మా మాటల్లోకి రాలేదు. చిటికెడు మట్టి నమిలి ఉమ్మింది. బీట పొడవునా నడిచి వచ్చింది. మోపెడ్డు సీటు మీద ల్యాప్‌టాప్ పెట్టి, ఒకామెను గొడుగు పట్టమని, మేం మరమ్మతప్పుడు తీసిన మట్టి వివరాలు వేసి, ఈసారి నీటి మట్టం కూడా వేసి, పరిగె ఏరేవాళ్లను తోలింది. కాసేపటికి తెర మీద గుంపంతా చెమ్మ కనిపించే బయటి వాలు దగ్గరే చేరింది.

"చూడు, నేను చెప్పిందే" అన్నాను. "నీళ్లు దించల్ల, తొందరగా, బిన్నా దించల్ల."

"బిన్నా దించితే ఏమవుతాదో గూడా అడుగుతా ఉండన్నా" అంది. నీళ్లు రెండు రోజుల్లో సగానికి దిగినట్టు మళ్లీ వేసింది. గుంపు అలవాటు కొద్దీ బయటి వాలుకే పోయింది. "అవ్వ ఇంకా తిరగతాంది" అని వేలెత్తి నన్ను ఆగమంది. ఆ మొండి అవ్వ చెరువు లోపలి వాలులో, నీళ్ల కింద, ఎవరూ చూడని చోట ఆగింది. అక్కడ గుణకం ఒకటి కన్నా కిందికి పోయింది.

ఆమె నాకు వివరించింది. చెరువులో నీళ్లు కట్ట లోపలి వాలును అరచేత్తో అదిమి పట్టుకున్నట్టు పట్టుకుని ఉంటాయి. ఆ చెయ్యి ఒక్కసారిగా తీసేస్తే, లోపల నానిన మట్టి నీళ్లు వదులుకోవడానికి టైము లేక, ఆ బరువుతో చెరువులోకే జారుతుంది. నీళ్లు ఇట్లాగే ఉంటే బయటి వైపు ప్రమాదం. నేను చెప్పినట్టు తీస్తే లోపలి వైపు ప్రమాదం. రెండింటి మధ్య సన్నని దారి ఒకటుంది. దినానికి ఒక వరస చొప్పున మూటలు తీయాలి. అవి అయ్యాక తూము కొద్దిగా ఎత్తి, చెరువు మెట్ల దగ్గర మునిగి ఉన్న గుండురాయి పైకి తేలేదాకా మెల్లగా దించాలి. అంతకన్నా దించనక్కర్లేదు. మిగిలిన నీళ్లు ఊరివే.

ఊరు ఒప్పుకుంది. మూటలు తీశారు. మబ్బు పట్టిన రోజల్లా నేను అనంతపురంలో ఆకాశం చూస్తూ కూర్చున్నాను. గుండురాయి తేలింది. కట్ట నిలిచింది.

ఇప్పుడు మా ఇంటామె ప్రశ్నకు జవాబు. ఆ కట్ట జారలేదు. పిడికెడు మట్టి కూడా జారలేదు, లోపలి వైపు గానీ బయటి వైపు గానీ. కర్రతో నేను గీసిన గీత లేదు. నా చేతిలో ఆ రోజు కర్ర కూడా లేదు, గొడుగు ఉంది. సంతాప సభలో నిలబడి "ఏమీ జరగలేదు" అంటే ఎవరు వింటారు? కట్ట తెగితే పేపర్లో వస్తుంది. తెగని కట్ట గురించి చెప్పడానికి నాబోటివాడు కాస్త మట్టి జార్చాల్సి వస్తుంది. ఆమె బతుకంతా చేసిన పని ఫలితం ఏమిటంటే, చాలా చోట్ల ఏమీ జరగకపోవడం.

ఆమెకు విద్య నేర్పానన్నది కూడా సాగదీసిన మాటే. నేను నేర్పింది రాప్తాడు రోడ్డు మీద ఉగ్గాణి ఎక్కడ బాగుంటుందో, అంతే. ఆ రోజు నా మాట చెల్లి ఉంటే మరవకు గండి పడేది. నిండిన చెరువును తొందరగా దించితే లోపలి వాలుకు ముప్పని నేను కాలేజీలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఉద్యోగంలో చేరాక మరిచిపోయాను. ఈ జిల్లాలో మా ఆఫీసు లెక్కల్లో చెరువులు ఎండే ఉండేవి. నీటి మట్టం గీత గీయడమంటే కాగితం మీద ఆశ రాసినట్టు ఉండేది. నిండిన చెరువును తొందరగా దించితే ఏమవుతుందని భయపడాలంటే, ముందు చెరువు నిండాలి కదా.

కాబట్టి వేలు పెట్టి చూపించగల మనిషి ఒక్కడు మిగిలాడన్న మాట కొట్టేసుకోండి. ఆమె వెళ్లిపోయింది, ఇంకెవరూ మిగల్లేదు. కానీ ఒక్కటి మాత్రం పెంచకుండా చెబుతాను. ఆమె లెక్క ఆ ఊరికి అర్థమైంది. పరిగె ఏరడం తెలిసిన ఊరు కాబట్టి, చెప్పిన వెంటనే పట్టుకుంది. ఇప్పటికీ ఆ కట్ట మీద నడిచే ప్రతివాడూ ఆమెను తలుచుకుని దండం పెట్టుకుంటాడు.

ఇక్కడిదాకా రాసి ముగించాననుకున్నాను. ఇంతలో ఓబులప్ప విత్తనక్కాయల కోసం టౌనుకు వచ్చి, మా ఇంట్లో తొంగి చూశాడు. కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"ఎట్లుండాది ఓబులప్పా?"

"చదివేది బాగుండాది సార్."

"రాసింది?"

"లెక్క అర్థమై ఒప్పుకున్నామని రాసినావే, ఎవురికి అర్థమైంది? పరిగె ఏరేది మాకు తెలుసు. దానికీ కట్టకూ ఏం సంబంధమో నాకు ఈ దినం దాకా తెల్దు. నువ్వు అరిచినావు, అది అసలే అర్థం కాలేదు."

"మరి మూటలెందుకు తీసినారు?"

"నువ్వు టీ తాగేదానికి జీపు కాడికి పొయినప్పుడు నేనే అడిగినా. అమ్మా, ఇవి తీయకుంటే కట్ట పొయ్యేది ఖాయమేనా అని. ఖాయమని చెప్పలేను ఓబులప్పా అన్నాది. తీసినాక నా లెక్క తప్పని తేలినా తేలుతాది, తేలకపోయినా నీ మళ్లకు నీళ్లు చాలవు, అప్పుడు నన్నే అడుగు అన్నాది. ఆ కట్ట మీద ఎంతమంది ఆఫీసర్లు నిలబడినారో సార్. తప్పుండచ్చు అన్నోళ్లను నేను చూడలే. తీసేద్దాంపా అన్నా మావోళ్లతో."

నేను కాగితాలు సర్దుకుంటూ, "సరే, అది కలుపుతాను. మిగిలిందంతా సరే కదా" అన్నాను.

"యాడ సరి? దండం పెట్టుకుంటాండారని రాసినావు. చివరి మళ్లన్నీ ఎండిపొయినాయి. నావీ ఎండినాయి, గింజ పాలు పోసుకునే టైములో. అదీ నీకు తెల్దు, నువ్వు మళ్లా రాలేదు గదా. ఆయమ్మ వచ్చినాది. ఎండాకాలంలో ఆ మోపెడ్డు వేసుకొని వచ్చి, కట్ట మీద కూచోని, ఇప్పుడు అడుగు ఓబులప్పా అన్నాది. అడిగినాం. ఊరంతా వచ్చి అడిగినాం. నా పెండ్లాం అనరాని మాటలు గూడా అన్నాది. కట్ట జారలేదు గదా, మా నీళ్లు ఎందుకు తీయిస్తివి అంటే, ఆయమ్మ దగ్గర జవాబు లేదు. లేదని చెప్పినాది. లేచి పోలేదు. పొద్దు వాలేదాకా ఆడనే కూచున్నాది. మా నోళ్లు నొప్పి పుట్టినాక నా పెండ్లామే చెయ్యి పట్టుకొని ఇంటికి పిలుచుకపోయినాది. ప్రతి ఏడూ వచ్చేది అట్లనే. నిన్న గాక మొన్న చచ్చిపోయిందని తెలిసి మా ఆడది రెండు దినాలు పొయ్యి వెలిగించలేదు."

అతను లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"దండాలు యాడివి సార్. తిట్టినాం, అన్నం పెట్టినాం. అట్ల రాయి."